జబ్బ 9, నడుము 35

మా చుట్టుపక్కల ఎవరి ఒళ్ళు ఎప్పుడు మారినా ముందు నాకే తెలుస్తుంది. కోడలు నెల తప్పిన సంగతి అత్తగారి కన్నా ముందు నా టేపు కనిపెట్టిన సందర్భాలున్నాయి. తెనాలి వైపు ఒక పల్లెలో లేడీస్ టైలర్ని. బ్లౌజులు, లంగాలు, పిల్లల గౌన్లు, చీరలకి ఫాల్స్. మా ఆయన పోయాక ఈ మిషనే నన్నూ పిల్లనీ సాకింది. 2006 నుంచి హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాను. పేరు రాయను, ఊరు రాయను. నా అనుమతి లేకుండా నా సంగతి ఎవరూ బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు. ఎంత చెప్పాలో నా ఇష్టం కాబట్టి ఒంట్లో కొవ్వు గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

ఎందుకిప్పుడంటే, మా పాజిటివ్ మహిళల వాట్సాప్ గ్రూపులో ఏ నెల చూసినా ఒకటే గోల. కొత్తగా మందులు మొదలుపెట్టిన పిల్లలు "అక్కా, ఈ మాత్రకి లావైపోతున్నా, మానెయ్యనా?" అంటారు. నాలాంటి పాత కాపులేమో "బుగ్గలు పోయాయే, తిరిగొస్తాయా?" అంటారు. రెండింటికీ కలిపి ఎవరో ఒకరు "కొవ్వు సమస్య" అని పేరు పెట్టి, మెంతులు నానబెట్టి తాగమని ఒక వీడియో పంపుతారు. కొవ్వు పోవడం వేరు, కొవ్వు చేరడం వేరు. కారణాలు వేరు, మందులు వేరు, చెయ్యగలిగిందీ వేరు. నాకు రెండూ జరిగాయి, అదీ వరసగా.

మొదటిది. 2006లో నేను గుంటూరు వెళ్ళేటప్పటికి 36 కిలోలు, హిమోగ్లోబిన్ 7. అంత తక్కువ రక్తంతో జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు ఇవ్వకూడదు, ఉన్న రక్తాన్ని అది ఇంకా తగ్గిస్తుంది. అందుకని స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ మూడూ కలిసిన మాత్ర పొద్దునా రాత్రీ వేసుకోమన్నారు. 60 కిలోల లోపు వాళ్ళకి స్టావుడిన్ 30 మిల్లీగ్రాములు. ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. ఇంకో మూడేళ్ళు ముందు జబ్బు పడి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. అందుకే స్టావుడిన్‌ని తిట్టాలంటే నాకు నోరు రాదు. ఏడాది తిరిగేసరికి 47 కిలోలకి వచ్చాను. మళ్ళీ మిషన్ ఎక్కాను. నోట్లో పూత పోయింది, ఆకలి వచ్చింది, పిల్లని బడికి దింపి రాగలిగాను.

ఆ తర్వాతే నా కొలతల పుస్తకంలో తమాషా మొదలైంది. అందరివీ రాసినట్టే నావీ రాసుకుంటాను. 2007 దసరాకి కుట్టుకున్న బ్లౌజు: ఛాతీ 32, నడుము 27, జబ్బ దగ్గర చేతి చుట్టు 10½. 2010లో అదే పుస్తకంలో: ఛాతీ 34, నడుము 31, జబ్బ 8½. ఇలాంటి కొలత ఏ కస్టమర్ దగ్గరా చూడలేదు నేను. లావెక్కితే జబ్బా పెరుగుతుంది, చిక్కితే ఛాతీ తగ్గుతుంది. ఒకే ఒంట్లో ఒకటి పెరిగి ఇంకోటి తగ్గడమేంటి?

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ప్రతిసారీ తూకం వేసేవాళ్ళు. గ్రీన్ బుక్కులో, అంటే మా మందుల రికార్డు పుస్తకంలో, పోయినసారి 47, ఈసారి 47. "స్టడీగా ఉన్నావమ్మా, మంచిది" అనేవారు. కాళ్ళూ చేతుల్లోంచి రెండు కిలోలు పోయి పొట్టలో రెండు కిలోలు చేరితే తూకం మిషన్‌కి ఏం తెలుస్తుంది? తూకం తప్పు చెప్పలేదు, దానికి చేతనైంది అంతే. ఇది చెప్పడానికే ఈ పోస్టు మొదలుపెట్టాను నిజానికి. హెచ్‌ఐవీ మందులు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు తూకం ఒక్కదాన్నీ నమ్ముకోకూడదు, టేపు కావాలి.

టేపు పట్టని చోట్లు కూడా ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి, కణతల దగ్గర గుంటలు పడ్డాయి. మోచేతి కింద నరాలు పైకి తేలి, కూరగాయలు అమ్మే ఆవిడ కూడా చెయ్యి చూసి మొహం చూసేది. పిర్రలు కరిగిపోయి స్టూలు మీద గంట కూర్చుంటే ఎముకలు గుచ్చుకునేవి. టైలర్ పని అంటేనే కూర్చోవడం, ఇక చూస్కోండి. దానికి తోడు అరికాళ్ళలో తిమ్మిరి, మంట. అదీ స్టావుడిన్ చలవే. "ఏంటే అట్టా పీక్కుపోయావ్, షుగరా?" అని ఎవరడిగినా షుగరే అనేదాన్ని. షుగర్ అంటే జాలిపడతారు, ఇంకో మాట అడగరు. కానీ ఆ రోజుల్లో మా జిల్లాలో ఆ మొహాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. బస్సులో ఎదుటి సీట్లో అలాంటి బుగ్గలున్న మనిషిని చూస్తే నాకూ తెలిసిపోయేది, ఆ మనిషికీ నా సంగతి తెలిసేది. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళం.

ఎందుకిలా అవుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఒక కౌన్సెలర్. ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు ఉంటాయి. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది, దాన్ని ఎప్పటికప్పుడు నకలు తీసే ఎంజైము ఒకటి ఉంటుంది. వైరస్ తన నకళ్ళు తీసుకోకుండా అడ్డుపడటం స్టావుడిన్ పని. పోతూ పోతూ అది మన ఎంజైముకి కూడా అడ్డుపడుతుంది. చర్మం కింద మెత్తగా ఉండే కొవ్వు కణాలు ఆ దెబ్బకి చచ్చిపోతాయి. జిడోవుడిన్‌కీ ఈ గుణం ఉంది, కాస్త తక్కువ. టెనోఫోవిర్, అబాకవిర్ అనే మందులకి ఈ పేచీ లేదు. కాబట్టి బుగ్గలు పోవడం తిండి లోపం కాదు, పాలూ గుడ్లూ రెట్టింపు తింటే బుగ్గల్లోకి రావు. తిన్నది పొట్టకే చేరుతుంది. నాకు అదే జరిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 చివర్లో స్టావుడిన్ మెల్లగా మానిపించమని అన్ని దేశాలకీ చెప్పింది. మా దాకా రావడానికి టైం పట్టింది. నాకు 2012లో టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన మాత్రకి మార్చారు. కిడ్నీకి ఇబ్బంది లేదని క్రియాటినిన్ పరీక్ష చేశాకే ఇచ్చారు.

మరి పోయిన కొవ్వు వచ్చిందా? వచ్చింది, నత్తకి నడక నేర్పినంత నెమ్మదిగా. 2002లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో స్టావుడిన్, జిడోవుడిన్ వాడుతున్నవాళ్ళని అబాకవిర్‌కి మార్చి ఆరు నెలలు చూశారు. కాళ్ళూ చేతుల్లో కొవ్వు సగటున అర కిలో కూడా పెరగలేదు. స్కానింగులో కనిపించింది కానీ అద్దంలో కనిపించేంత కాదు. నా జబ్బ 8½ నుంచి 9 కావడానికి ఏళ్ళు పట్టింది. బుగ్గలు కొంత నిండాయి, పాత ఫోటోలో ఉన్నంత కాదు, ఇక రావు కూడా. అందుకే ఇప్పటికీ ఎవరన్నా జిడోవుడిన్ మీద ఉండి చేతులు సన్నబడుతున్నాయి అంటే, "చూద్దాంలే" అనుకోవద్దంటాను. పోయే కొవ్వుని ఆపడం సులువు, పోయినదాన్ని తెప్పించడమే కష్టం.

ఈ లోపల బతకాలి కదా, నలుగురిలో తిరగాలి కదా. నేను చెయ్యగలిగింది కుట్టడం. మామూలు టైలర్లు బ్లౌజు కట్ చేసేటప్పుడు ఛాతీ కొలతని బట్టి చేతి వెడల్పు లెక్కేసుకుంటారు. మా ఒళ్ళకి ఆ లెక్క పనికిరాదు. ఛాతీ 36 వాళ్ళ ముందు భాగం, 30 వాళ్ళ చెయ్యి, అలా రెండు ఒళ్ళు కలిపి కొయ్యాలి. చంక రౌండు మరీ తగ్గిస్తే చెయ్యి ఎత్తినప్పుడు పట్టేస్తుంది, వదిలేస్తే చంక కింద మడతలు పడి చెయ్యి ఇంకా పుల్లలా కనిపిస్తుంది. చంక దగ్గర ఛాతీ కొలతకే ఉంచి, అక్కడి నుంచి మోచేతి దాకా నెమ్మదిగా సన్నం చేస్తాను. చేతులకి కూడా లైనింగ్ వేస్తాను. గుడ్డ కాస్త నిలబడితే లోపల చెయ్యి ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మోచేతి కింద నరాలు దాచాలంటే ముప్పావు చెయ్యి, అంచుకి పైపింగ్. మెడ వెనక కొవ్వు గడ్డలా పెరిగిన వాళ్ళుంటారు. వాళ్ళకి వెనక లోతు మెడ పెడితే బ్లౌజు భుజాల మీంచి జారుతూనే ఉంటుంది, గడ్డ ఇంకా బయటపడుతుంది. అక్కడ మెడ ఎత్తుగా పెట్టి, వీపు మధ్యలో కుట్టు వేసి ఆ కుట్టులోనే వంపు ఇవ్వాలి. లంగాకి సన్న బొందు పెడితే గట్టిపొట్ట మీద కోసుకుపోతుంది, రెండంగుళాల పట్టీ వేసి పక్కన హుక్కులు పెడతాను. పిర్రలు పోయిన వాళ్ళకి లంగా వెనక లోపలి వైపు మెత్తటి గుడ్డ మూడు పొరలు వేసి కుట్టి ఇచ్చాను. చీర నిలబడిందని ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడకి అప్పుడు ముప్పై దాటలేదు.

ఇలా సెంటర్ దగ్గర పరిచయమైన వాళ్ళ బ్లౌజులన్నీ నా దగ్గరికే రావడం మొదలైంది. మా ఊళ్ళో అనుకుంటారు, ఈవిడకి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో గిరాకీ అని.

మగవాళ్ళ సంగతి నాకు అంతగా తెలియదు. బుగ్గలు పోయినవాళ్ళు గడ్డం పెంచుతారు, అంతవరకు చూశాను. మాకు తెలిసిన ఒక అన్న పెళ్ళిసంబంధాల టైములో బుగ్గల్లోకి ఇంజెక్షన్లు వేయించుకోవాలని హైదరాబాద్ అంతా తిరిగాడు. ఫిల్లర్లు అంటారు వాటిని. హెచ్‌ఐవీ మందుల వల్ల బుగ్గలు పోయినవాళ్ళ కోసమే అమెరికాలో 2004లో ఒక ఫిల్లర్‌కి అనుమతి ఇచ్చారు. పాలీ లాక్టిక్ యాసిడ్ అనే పదార్థం, కొన్ని విడతలుగా ఎక్కిస్తారు, కొంతకాలానికి కరిగిపోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. డబ్బుతో పని. పనిచెయ్యదని కాదు, చర్మ డాక్టర్ దగ్గరో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరో వేయించుకుంటే మనిషి మొహంలో ధైర్యం వస్తుంది. బ్యూటీపార్లర్లో ఏదో సిలికాన్ ద్రవం చవగ్గా ఎక్కిస్తామంటే మాత్రం వెళ్ళొద్దు. అది లోపల గడ్డలు కడితే తియ్యడం ఎవరి తరమూ కాదు. ఆ అన్న చివరికి వేయించుకోలేదు. పిల్ల తరఫు వాళ్ళూ పాజిటివే, ఆ అమ్మాయి బుగ్గల గురించి అడగనే లేదట.

ఇక రెండోది. 2021లో నా మాత్ర మళ్ళీ మారింది. టెనోఫోవిర్, లామివుడిన్ ఉంచి, ఎఫావిరెంజ్ తీసేసి డోలుటెగ్రావిర్ పెట్టారు. టీఎల్‌డీ అంటారు, రోజుకి ఒక్కటే. ఎఫావిరెంజ్ వేసుకున్న రాత్రులు నాకు వచ్చిన కలలు రాస్తే వేరే పోస్టు అవుతుంది. దాని పీడ విరగడైంది, నిద్ర బాగుంది, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనిపించనంత తక్కువ. అంతా బాగుంది కానీ ఏడాదిన్నరలో 49 కిలోల నుంచి 57కి వచ్చాను. ఛాతీ 37. నడుము 35. జబ్బ 9, కదల్లేదు.

డోలుటెగ్రావిర్‌తో బరువు పెరగడం నిజమే. జొహానెస్‌బర్గ్‌లో 1,053 మంది మీద జరిగిన అడ్వాన్స్ అనే ట్రయల్‌లో ఇది తేటగా కనిపించింది. దాదాపు మన మాత్రలో ఉన్న కలయికే వాడిన ఆడవాళ్ళు రెండేళ్ళలో సగటున నాలుగైదు కిలోలు పెరిగారు. టెనోఫోవిర్‌లో టీఏఎఫ్ అనే రెండో రకం కలిపిన వాళ్ళు ఎనిమిది కిలోల దాకా పెరిగారు. పాత ఎఫావిరెంజ్ మాత్ర వాళ్ళు మూడు. మగవాళ్ళలో పెరుగుదల తక్కువ. ఇందులో ఒక మెలిక ఉంది, మా గ్రూపులో ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఎఫావిరెంజ్ కొంతమందిలో బరువుని తొక్కిపెట్టి ఉంచుతుంది, ముఖ్యంగా ఆ మందుని ఒళ్ళు నెమ్మదిగా ఖర్చు చేసేవాళ్ళలో. దాన్ని తీసెయ్యగానే ఆగి ఉన్న బరువు పైకి లేస్తుంది. అంటే కొత్త మాత్ర పెంచిందెంత, పాత మాత్ర వదిలిపెట్టిందెంత అని విడదీసి చెప్పడం పెద్ద డాక్టర్లకే కష్టం.

నా విషయంలో ఇంకా కష్టం. అదే కాలంలో నాకు నెలసరి ఆగిపోయింది. అదే కాలంలో కాళ్ళ మంటలు భరించలేక తొక్కుడు మిషన్‌కి మోటారు పెట్టించాను. అంతకు ముందు పొద్దున్నించి రాత్రి దాకా పాదాలు ఆడుతూనే ఉండేవి. పైగా కరోనా. నేరమంతా మాత్ర మీద నెట్టడానికి నాకు మనసొప్పదు. నాతోపాటు కుట్టు నేర్చుకున్న నా ఈడు వాళ్ళని కొలిచినా, హెచ్‌ఐవీ లేనివాళ్ళు, వాళ్ళ నడుమూ 35, 36 ఉంది. తేడా అంతా జబ్బలో. వాళ్ళది 12, నాది 9.

అందుకే "మానెయ్యనా" అని అడిగే పిల్లలకి నా జవాబు మొహమాటం లేకుండా ఉంటుంది: మానొద్దు. మాత్ర మానితే ముందు పెరిగేది వైరల్ లోడ్. బరువు కోసం డోలుటెగ్రావిర్ మార్చినా వచ్చిన బరువు దిగుతుందన్న గ్యారంటీ లేదు. చిక్కి శల్యమై మందులు మొదలుపెట్టినవాళ్ళు పెరిగే మొదటి కిలోలు అసలు లావు కాదు, ప్రాణం. ఆ కిలోల్ని చూసి ఏడవకండి.

పొట్టలో చేరిన కొవ్వు మాత్రం పట్టించుకోవాలి. అది రెండు రకాలు. పడుకుని పొట్ట మీద రెండు వేళ్ళతో పట్టుకుంటే మెత్తగా చేతిలోకి వచ్చేది చర్మం కింది కొవ్వు. చేతిలోకి రాకుండా డోలు లాగా గట్టిగా ఉండి ముందుకి పొడుచుకొచ్చేది లోపలిది, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ ఉండేది. షుగర్‌కీ గుండెకీ చేటు చేసేది ఈ లోపలిదే. లైపోసక్షన్ దీన్ని తియ్యలేదు, ఎన్ని లక్షలు పోసినా అది చర్మం కింద ఉన్నదాన్నే లాగుతుంది. మెడ వెనక గడ్డకైతే చేస్తారు, కొందరికి మళ్ళీ వస్తుంది.

నడుము కొలవడం గురించి ఒక మాట, ఇది నా డిపార్ట్‌మెంటు. బ్లౌజుకి మేం తీసే నడుము ఛాతీ కింద, లంగాకి తీసేది బొందు కట్టేచోట. డాక్టర్లకి కావలసింది ఈ రెండూ కాదు. పక్కటెముకల్లో అన్నిటికన్నా కింది దానికీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టాలి. కుచ్చిళ్ళ మీంచి కాదు, ఒంటి మీద. పొట్ట లోపలికి లాక్కోకుండా మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మన దేశం ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు, దాటితే జాగ్రత్త పడమంటారు. మగవాళ్ళకి 90. తెల్లవాళ్ళకి పెట్టిన హద్దు ఇంతకన్నా ఎక్కువ. మనవాళ్ళు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు పెట్టుకుంటారు కాబట్టి మనకి తక్కువ పెట్టారు. అలా కొలిస్తే నాది 89 సెంటీమీటర్లు తేలింది.

కాగితం మీద 2007 నుంచి నా కొలతలన్నీ రాసి తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసి, "టేపు పెట్టి ఇట్లా రాసుకొచ్చిన పేషెంటుని చూళ్ళేదు" అంది. వెంటనే రక్త పరీక్షలు రాసింది. పరగడుపు షుగర్ 112, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఊళ్ళో ఇన్నేళ్ళు చెప్పుకుంటూ వచ్చిన మాట నిజం కాబోతోందన్నమాట.

మెట్‌ఫార్మిన్ మొదలుపెడదామా అనుకుని ఆగింది డాక్టరమ్మ. పొట్ట కొవ్వుకీ షుగర్‌కీ అది మంచిదే. కానీ కాళ్ళూ చేతులూ ముందే సన్నబడి ఉన్నవాళ్ళలో మిగిలిన ఆ కాస్త కొవ్వుని కూడా తగ్గించవచ్చు. ఇంకోటి, డోలుటెగ్రావిర్ వాడేటప్పుడు రక్తంలో మెట్‌ఫార్మిన్ మోతాదు పెరిగిపోతుంది, అందుకని రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు బయట డాక్టర్ దగ్గర మెట్‌ఫార్మిన్ తీసుకుంటూ ఏఆర్‌టీ సంగతి దాచిపెడతారు. ఇక్కడే కొంప మునుగుతుంది. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే మాత్ర పేరన్నా చెప్పండి. నాకు ముందు నడక, తిండి చూసుకోమని, ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష అని చెప్పింది. కొలెస్ట్రాల్‌కి చిన్న డోసు స్టాటిన్ ఇచ్చింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఏడు వేలమందికి పైగా పాల్గొన్న రిప్రీవ్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. 40 ఏళ్ళు దాటినవాళ్ళు పిటావాస్టాటిన్ అనే స్టాటిన్ వాడితే గుండెపోటు, పక్షవాతం లాంటివి మూడో వంతు తగ్గాయి. అప్పటి నుంచి మా వయసు వాళ్ళకి స్టాటిన్ ఇవ్వడానికి డాక్టర్లు ముందుకొస్తున్నారు.

తిండి గురించి పెద్దగా రాయను, యూట్యూబ్ నిండా అదే. అన్నం మానలేదు, మానలేను. రెండు పూటలా ఉన్నది ఒక పూటకి చేశాను. పప్పు, గుడ్డు పెంచాను. ఉపవాసాలు చేసి బరువు తగ్గాలనుకుంటే నాలాంటి ఒంట్లో ముందు పోయేది కండ. ఉన్న కాస్త చేతులూ పోతాయి. అందుకే కాలవ గట్టు మీద నడకతోపాటు గుంజీళ్ళు తీస్తున్నాను. బళ్ళో పంతులుగారు శిక్షగా తీయించిన గుంజీళ్ళే. లీటరు నీళ్ళ సీసాలు చెరో చేతిలో పట్టుకుని భుజాల పైకి ఎత్తుతాను. మా అమ్మాయి వీడియో తీసి నవ్వుతుంది. మిషన్‌కి మోటారు ఉంచాను కానీ ఫాల్స్ కుట్టేటప్పుడు మోటారు తీసేసి తొక్కుతున్నాను. ఫాల్ కుట్టడానికి తొందరేముంది.

నడుము 89 నుంచి 85కి వచ్చింది. బరువు రెండు కిలోలే తగ్గింది. తూకం చూస్తే ఏమీ జరగనట్టే లెక్క. జబ్బ మాత్రం 9½ అయింది, అది కండే అయుండాలి. హెచ్‌బీఏ1సీ 5.8.

లావు తగ్గించే మందులున్నాయా అంటే ఉన్నాయి. లోపలి పొట్ట కొవ్వు కోసమని టెసామోరెలిన్ అనే ఇంజెక్షన్‌ని 2010లో అమెరికాలో అనుమతించారు, ప్రత్యేకంగా హెచ్‌ఐవీ వాళ్ళకే. రోజూ పొడుచుకోవాలి, ఆపితే కొవ్వు తిరిగొస్తుంది. మన ఏఆర్‌టీ సెంటర్లలో దొరికేది కాదు. ఇప్పుడందరూ మాట్లాడుకునే సెమాగ్లూటైడ్‌ని హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలోనూ పరీక్షించారు, లోపలి కొవ్వు, కాలేయం కొవ్వు బాగా తగ్గాయి. దాంతోపాటు కండ కూడా కొంత పోతుంది. ముందే పుల్లలైన కాళ్ళు చేతులున్నవాళ్ళు డాక్టర్‌తో ఆ ముక్క తేల్చుకోకుండా దాని జోలికి పోకూడదని నా అభిప్రాయం. ఊళ్ళల్లో పొద్దున్నే షేక్ తాగించే న్యూట్రిషన్ క్లబ్బుల సంగతి అడగొద్దు, నెలకి నా బ్లౌజుల సంపాదనంతా అక్కడే పోతుంది.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది మోకాళ్ళ నొప్పులకి వేసే ఇంజెక్షన్లంటే. రెండో లైను మందులు, అంటే మొదటివి పనిచెయ్యకపోతే ఇచ్చేవి, వాడే ఒకావిడ ఉంది, నా కస్టమరే. రెండో లైనులో చాలామందికి రిటోనావిర్ అనే మందు ఉంటుంది, మిగతా మందుల్ని ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. ఆవిడ మోకాలికి ఎవరో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. ట్రయామ్సినలోన్ లాంటి స్టెరాయిడ్‌ని కూడా రిటోనావిర్ అలాగే నిలబెట్టేస్తుంది. మొహం గుండ్రంగా ఉబ్బింది, మెడ వెనక గడ్డ లేచింది, పొట్ట పెరిగింది, ఒంటి మీద చారలు. చుట్టాలందరూ "ఒళ్ళు చేశావే, మందులు పడుతున్నాయి" అని సంతోషించారు. నేను కొలత తీస్తే ఆరు వారాల్లో మెడ రౌండు అంగుళంన్నర పెరిగింది. ఏ మాత్రకీ అంత తొందరగా పెరగదు. వెంటనే సెంటర్‌కి పంపించాను. ఆయాసానికి పీల్చే కొన్ని ఇన్‌హేలర్లలో ఉండే ఫ్లూటికాసోన్‌తో కూడా రిటోనావిర్‌కి ఇదే తంటా. డోలుటెగ్రావిర్ ఒక్కటే అయితే ఈ గొడవ లేదు. రెండో లైను వాళ్ళు ఏ ఇంజెక్షన్ వేయించుకునే ముందయినా గ్రీన్ బుక్కు చూపించాలి. అలాంటిది ముందే వేయించుకుని మొహం ఉబ్బితే, సొంతంగా ఏదీ ఆపకుండా డాక్టర్‌కి చెప్పాలి.

ఇప్పుడు మా గ్రూపులో నలుగురైదుగురికి మూడు నెలలకోసారి నేనే కొలతలు తీసి చీటీ రాసిస్తున్నాను. మెడ, జబ్బ మధ్యలో, ఛాతీ, ఆ డాక్టర్ల నడుము, తొడ మధ్యలో. ఎప్పుడూ ఒకే చోట తియ్యాలి కాబట్టి జబ్బకి మోచేతి నుంచి ఎన్ని అంగుళాల పైన కొలిచానో కూడా రాస్తాను. మొదట్లో అంగుళాల్లో రాసిస్తే సెంటర్లో అర్థం కాలేదన్నారు, టేపు తిరగేసి సెంటీమీటర్లలో రాస్తున్నాను. పోయిన వారం వచ్చిన పిల్ల డోలుటెగ్రావిర్ మొదలుపెట్టి ఏడాది అయింది, ఆరు కిలోలు పెరిగానని ఏడుస్తూ వచ్చింది. నడుము 74, జబ్బా తొడా అన్నీ సమంగా పెరిగాయి. పాత బ్లౌజులు అన్నీ పట్టుకొచ్చింది. లోపల కుట్టులో గుడ్డ వదిలినవి విప్పి లూజు చేశాను, వదలని వాటికి చంక కింద ముక్క వేశాను.